భీమిలి తీరం: కాపాడిన నేల, తెరిచిన దారి (2025-26 వార్షిక నివేదిక)

సభ్యులందరికీ నమస్కారం.

2025 ఏప్రిల్ నుంచి 2026 మార్చి వరకు మన సంఘం చేసిన పనుల నివేదిక ఇది. జమాఖర్చులు కోశాధికారి గారు సర్వసభ్య సమావేశంలో చదువుతారు కాబట్టి ఇక్కడ పని గురించే రాస్తున్నాను.

విశాఖ నుంచి భీమిలి దాకా బీచ్ రోడ్డు వెంట ఎక్కడ ఖాళీ నేల కనిపించినా, ముందు టేపు పట్టుకుని కొలిచేవాళ్లే వస్తున్నారు. ఆ నేల ఖాళీగానే ఉండాలని, పిల్లలూ పెద్దలూ అక్కడ హాయిగా నడవాలని అడిగేవాళ్లు చాలా తక్కువ. ఆ అడిగే పనే మనం ఈ ఏడాది కూడా చేశాం. కొన్నిచోట్ల ఫలితం కనిపించింది, కొన్నిచోట్ల ఇంకా తిరుగుతూనే ఉన్నాం.

ఎర్రమట్టి దిబ్బలు

అన్నిటికన్నా పెద్ద వార్త సెప్టెంబరులో వచ్చింది. యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో మన దేశం కొత్తగా చేర్చిన ఏడు సహజ ప్రదేశాల్లో భీమిలి దగ్గరున్న మన ఎర్రమట్టి దిబ్బలు ఒకటి. తిరుమల కొండలు కూడా ఆ ఏడింటిలోనే ఉన్నాయి. 2014లో జీఎస్ఐ (భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ) వారు దిబ్బలను జాతీయ భూ వారసత్వ స్థలంగా గుర్తించాక, మళ్లీ అంతటి గుర్తింపు రావడం ఇదే. ఆ రోజు మన వాట్సాప్ గ్రూపంతా అభినందనలే.

సంతోషించాల్సిన విషయమే. కానీ తాత్కాలిక జాబితాలో పేరు ఉన్నంత మాత్రాన దిబ్బకు రక్షణ దొరికినట్టు కాదు. కనీసం ఏడాది పాటు ఆ జాబితాలో ఉన్న తర్వాతే అసలు ప్రతిపాదన పంపడానికి వీలవుతుంది. అప్పుడు హద్దులు ఏవని అడుగుతారు, చుట్టూ రక్షణగా వదిలే బఫర్ జోన్ ఎంతని అడుగుతారు, రోజువారీ నిర్వహణ ఎవరు చూస్తున్నారని అడుగుతారు. ఆ ప్రశ్నలు వచ్చేనాటికి దిబ్బలు ఇప్పుడున్నట్టే ఉండాలి. 2024 జూలైలో దిబ్బల పక్కన యంత్రాలతో నేల చదును చేసిన ఫొటోలు పేపర్లలో వచ్చినప్పుడు మనందరికీ ఎంత టెన్షన్ పట్టుకుందో తెలుసు. అందుకే హద్దురాళ్లు పాతాలని, వాటి పటం జనానికి కనిపించేలా బోర్డు మీద పెట్టాలని ఈ ఏడాదంతా అర్జీలు పెడుతూనే వచ్చాం. అది ఇంకా జరగలేదు. వచ్చే ఏడాది కూడా మన మొదటి డిమాండ్ ఇదే.

కొత్త సభ్యుల కోసం ఈ దిబ్బల సంగతి కొంచెం వివరంగా రాస్తాను. ఎందుకంటే చాలామందికి అవి సినిమా షూటింగులు జరిగే చోటుగానే తెలుసు. సుమారు ఇరవై వేల ఏళ్ల కిందట, భూమ్మీద మంచు బాగా పెరిగిన కాలంలో, సముద్ర మట్టం ఇప్పటికన్నా వంద మీటర్లకు పైగా కిందకి దిగిపోయింది. తీరం చాలా దూరం వెనక్కి జరిగింది. తూర్పు కనుమల్లోని ఖోండలైట్ రాయి అరిగి, గెడ్డల్లో (వాగుల్లో) కొట్టుకొచ్చి చేరిన ఇసుక అంతా బయటపడింది. గాలి ఆ ఇసుకను ఎత్తి ఒడ్డున పోసింది. ఆ ఇసుకలోని ఇనుము వేల ఏళ్లపాటు గాలికీ తేమకూ తుప్పు పట్టి ప్రతి రేణువుకూ ఎర్రపూత పూసింది. తర్వాత వానలు ఆ మేటలను కోసి లోయలు చేశాయి. ఇలాంటి ఎర్ర ఇసుక మేటలు మన చుట్టుపక్కల తమిళనాడు దక్షిణ తీరంలోనూ, శ్రీలంకలోనూ తప్ప పెద్దగా కనిపించవు. విలియం కింగ్ అనే భూవిజ్ఞాని 1886లోనే వీటి గురించి రాశాడు. ఆదిమానవుల రాతి పనిముట్లు కూడా ఇక్కడ దొరికాయి. ఒకసారి బుల్‌డోజర్ తోసేస్తే మళ్లీ కట్టగలిగే వస్తువు కాదిది.

వానాకాలం వెళ్లాక మనం జరిపిన నడకకు వచ్చినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. లోయ అడుగున ఇసుక మెత్తగా, తడిగా ఉంది. పక్క గోడ మీద నీళ్లు జారిన చారలు నిలువునా స్పష్టంగా ఉన్నాయి. ఆ గోడలోంచి వేళ్ల ఆకారంలో తెల్లటి గట్టి ముక్కలు బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి. అవి ఎప్పుడో బతికిన మొక్కల వేళ్ల చుట్టూ సున్నం పేరుకుని గట్టిపడ్డవి. ఒక బాబు ఒక ముక్క పీకి జేబులో వేసుకోబోతే వాళ్ల అమ్మమ్మగారే ఆపి, దాన్ని మళ్లీ అక్కడే పెట్టించారు. ఆ నడకలో నాకు బాగా నచ్చిన సంగతి అది.

ఇక దారి విషయం. దిబ్బలను కాపాడాలంటే జనాన్ని రానివ్వకూడదని కొందరు సభ్యులు మొదటి నుంచీ అంటున్నారు. వారి భయం అర్థం చేసుకోదగిందే. కానీ జనం పోని చోటుకే రాత్రిపూట లారీలు వస్తాయి. రోజూ నలుగురు నడిచే చోట కొత్తగా ఒక గుంత పడితే మర్నాటికల్లా ఊరందరికీ తెలుస్తుంది. కాబట్టి దారి ఉండాలి, అయితే అది సరైన చోట ఉండాలి. దిబ్బ పైభాగాన మట్టి, ఇనుము కలిసి గట్టిపడ్డ పెచ్చు ఉంటుంది. దాని మీద పదేపదే తొక్కితే అది పగులుతుంది. ఆ పగులులోకి వాన నీళ్లు దిగితే అక్కడ కొత్త కోత మొదలవుతుంది. లోయ అడుగున ఇసుక సంగతి వేరు. దాన్ని ప్రతి వానాకాలం నీళ్లే మార్చేస్తాయి, మన అడుగులు అక్కడ మిగలవు. అందుకే మన నడకలన్నీ లోయ అడుగునే సాగాయి. అంచుల మీదకి ఎక్కి సెల్ఫీలు దిగడం, గోడల మీద పేర్లు చెక్కడం, డ్రోన్లు ఎగరేయడం మన నడకల్లో లేవు. పేర్లు చెక్కిన చోట్లు మాత్రం రోజురోజుకూ పెరుగుతున్నాయి, చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

సముద్రానికి వెళ్లే దారి

ఈ ఏడాది మన చేతుల్లో పూర్తయిన పని ఇదొక్కటే. రోడ్డు మీద నుంచి ఇసుక దాకా వెళ్లే ఒక పాత దారికి రెండేళ్ల కిందట కంచె పడింది. ఎవరు వేశారన్నది ఇక్కడ అనవసరం. ఆ దారిన ఊరి ఆడవాళ్లు తలమీద చేపల గంపలతో రోజూ వచ్చేవాళ్లు. కంచె పడ్డాక ఎండలో చాలా దూరం చుట్టు తిరిగి రావాల్సి వచ్చింది. మనం ధర్నా కన్నా ముందు కాగితం వెతికాం. గ్రామ నక్షా, అంటే ఊరి భూముల పటం తీయించాం. అందులో బండి దారి గీత స్పష్టంగా ఉంది. ఆ నక్షా పట్టుకుని సర్వే అడిగాం, గొలుసుతో కొలతలు వేయించాం, ఊరి పెద్దల సమక్షంలో హద్దు చూపించాం. కంచె జరిగింది. గొడవ కాలేదు. ఈ పనికి నెలల తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగిన మన రిటైర్డ్ ఉద్యోగ సభ్యులకు సంఘం తరఫున చేతులెత్తి నమస్కరిస్తున్నాను.

ఈ సందర్భంగా ప్రతి సభ్యుడూ తెలుసుకోవాల్సిన నిబంధన ఒకటుంది. తీర ప్రాంత నియంత్రణ నోటిఫికేషన్, అంటే మనం సీఆర్‌జెడ్ అనుకునేది, మొదట 1991లో వచ్చింది. 2011లో, మళ్లీ 2019లో దాన్ని మార్చారు. రెండు హోటళ్లు లేదా బీచ్ రిసార్టుల మధ్య జనం సముద్రానికి వెళ్లడానికి కనీసం 20 మీటర్ల వెడల్పున దారి వదలాలని అందులో ఉంది. చాలామంది ఇది ఎవరో దయతలచి ఇచ్చే దారి అనుకుంటున్నారు. కాదు, అది షరతు. ఇసుక దిబ్బలు, తాబేళ్లు గుడ్లు పెట్టే చోట్లు ఆ చట్టంలో అన్నిటికన్నా కఠినమైన రక్షణ ఉన్న తరగతిలోకి వస్తాయి. ఇంకో మార్పు మాత్రం మనకు నష్టమే. జనసాంద్రత ఎక్కువున్న పల్లె తీరాల్లో కట్టడాలు నిషేధించిన మేర 2019లో 200 మీటర్ల నుంచి 50 మీటర్లకు తగ్గిపోయింది. మన తీరంలో ఏ ఊరు ఏ తరగతిలో ఉందో తెలుసుకోవడానికి ఆమోదం పొందిన తీర పటాలు తెప్పించుకుని, ఊరూరా చూపించే పని మొదలుపెట్టాం.

మత్స్యకార సోదరులతో ఈ ఏడాది జరిగిన మాటలు కూడా చెప్పాలి. నడక దారి అనగానే వారికి వచ్చిన మొదటి అనుమానం, ఇవాళ దారి అంటారు, రేపు పార్కు అంటారు, ఎల్లుండి మీ పడవలు తీసేయండి అంటారు అని. గతంలో తీరం పొడవునా జరిగినవి చూస్తే ఆ అనుమానం తప్పనలేం. కాబట్టి మన దారి పటాన్ని వాళ్లతో కూర్చుని గీశాం. వలలు ఆరబెట్టే చోటు దగ్గర దారి వంగి పక్క నుంచి పోతుంది. ఒడ్డు మీద నుంచి తాళ్లతో లాగే అలివి వల లాగుతున్నప్పుడు తాళ్లు దాటకుండా నడిచేవాళ్లు ఆగాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉంటుంది కాబట్టి ఆ రోజుల్లో పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి. అప్పుడు దారి ఇంకాస్త లోపలికి జరుగుతుంది. దారికి శాశ్వతంగా సిమెంటు వేయొద్దని అనుకున్నది కూడా అందుకే. సరుగుడు కర్రలు పాతి గుర్తులు పెట్టాం, అవసరమైతే పీకి పక్కన పాతుకోవచ్చు.

తొట్లకొండ

మంగమారిపేట ఇసుక నుంచి తొట్లకొండ దాకా నడక ఈసారి బాగా జనాదరణ పొందింది. ఆటు ఉన్నప్పుడు వెళ్తే మంగమారిపేట దగ్గర సముద్రం తొలిచిన రాతి తోరణం పూర్తిగా కనిపిస్తుంది. అక్కడి నుంచి రోడ్డు దాటి కొండెక్కితే బౌద్ధ ఆరామం. 1976లో నౌకాదళం కోసం ఆకాశం నుంచి సర్వే చేస్తుంటే ఈ శిథిలాలు బయటపడ్డాయి. 1988 నుంచి 1992 వరకు రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వకాలు జరిపింది. వాన నీళ్లు పట్టడానికి భిక్షువులు రాతిలో తొలిచిన తొట్లు ఇప్పటికీ ఉన్నాయి. బీచ్ రోడ్డు దాటేచోట మాత్రం బండ్ల వేగానికి పిల్లలతో దాటడం ప్రమాదంగా ఉంది. జీబ్రా గీతలు, స్పీడ్ బ్రేకర్ కోసం అర్జీ ఇచ్చాం.

మొక్కలు నాటే కార్యక్రమం

చాలామంది సభ్యులు తీరం వెంట సరుగుడు నాటుదామన్నారు. కార్యవర్గం ఒప్పుకోలేదు, కారణం చెప్పడం మా బాధ్యత. సముద్రానికి ఎదురుగా ఉన్న ఇసుకను పట్టి ఉంచేవి అక్కడ సహజంగా పెరిగే రావణాసురుడి మీసాల గడ్డి, నేలమీద పాకే ఊదారంగు పూల తీగ. వాటిని పీకి సరుగుడు పెడితే ఆకులు రాలి నేలంతా మందంగా పరుచుకుంటుంది, కింద ఏదీ మొలవదు, తాబేలు గుంత తవ్వుకోలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో ఎన్ని పెద్ద చెట్లు కూలాయో మనం కళ్లారా చూశాం. తీరం వెనకాల, ఊరి వైపున తాడి, జీడిమామిడి నాటడానికి అభ్యంతరం లేదు.

తాబేళ్లు

జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు మన ఇసుకకు గుడ్లు పెట్టడానికి వస్తాయి. అటవీ శాఖ వారు గుడ్లు సేకరించి హేచరీల్లో, అంటే అవి పొదిగే రక్షిత చోట్లలో పెడతారు. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు బయటికి వస్తాయి. మన సభ్యులు వారితో కలిసి రాత్రి కాపలా నడకలకు వెళ్లారు, కుక్కలను తరిమారు, ఒడ్డుకు కొట్టుకొచ్చిన చనిపోయిన తాబేళ్ల వివరాలు రాసి ఇచ్చారు. ఆ పని చేసినవాళ్లకు తెలుసు అది ఎంత బాధగా ఉంటుందో. వలల్లో చిక్కి ఊపిరాడక చనిపోయేవే ఎక్కువ. తాబేలు తప్పించుకుపోయే తలుపు ఉన్న ట్రాల్ వల వాడితే ఇది బాగా తగ్గుతుంది. అవి అందరికీ అందేలా చూడమని సంబంధిత శాఖకు లేఖ రాశాం.

లైట్ల సంగతి మన చేతిలో ఉన్నది. గుడ్డులోంచి వచ్చిన పిల్ల సముద్రం మీద కనిపించే వెలుగు వైపు పోవాలి. రోడ్డు వైపు ఫ్లడ్ లైట్లు వెలుగుతుంటే అటు పాకుతుంది, చక్రాల కింద పడుతుంది. బీచ్ ఎదురుగా ఉన్న కొన్ని అపార్టుమెంట్ల వాళ్లను కలిసి, ఈ నాలుగు నెలలు సముద్రం వైపు లైట్లు రాత్రిపూట ఆపమని అడిగాం. కొందరు వెంటనే ఒప్పుకున్నారు. ఒప్పుకోనివాళ్ల దగ్గరికి ఈసారి పిల్లలను వెంటబెట్టుకుని వెళ్దామనుకుంటున్నాం. ఇసుక మీదకి కార్లు, బైకులు ఎక్కించడం ఇంకా ఆగలేదు. టైర్ల కింద గుడ్లున్న గుంత ఉండొచ్చని వాళ్లకు తెలియదు. బోర్డులు పెడుతున్నాం.

వచ్చే ఏడాదికి

సర్వసభ్య సమావేశంలో మూడు తీర్మానాలు పెడుతున్నాం: దిబ్బల హద్దుల పటం బహిరంగంగా పెట్టాలని కోరడం, తీరం వెంట పాత దారులన్నింటి జాబితా గ్రామ నక్షాల నుంచి తయారుచేయడం, నడకలు నడిపించడానికి మత్స్యకార యువకులకు శిక్షణ ఇచ్చి వారికి గౌరవ వేతనం ఇవ్వడం. మూడోదానికి డబ్బు కావాలి కాబట్టి చందా పెంచాలా వద్దా అన్నది కూడా సభ్యులే తేల్చాలి. నా అభిప్రాయం పెంచాలనే. ఈ ఇసుక మీద పుట్టి పెరిగినవాళ్లకన్నా బాగా దారి చూపించేవాళ్లు ఎవరుంటారు?

మీ ఇంట్లో పాత నక్షాలు, దస్తావేజులు, తీరం ఫొటోలు ఉంటే సమావేశానికి తీసుకురండి, అక్కడే స్కాన్ చేసి తిరిగి ఇచ్చేస్తాం. వచ్చే జనవరి నుంచి తాబేళ్ల కాపలాకు రాదలచినవాళ్లు పేరు, ఏ రోజుల్లో వీలవుతుందో కార్యదర్శికి రాసి ఇవ్వగలరు. టార్చికి ఎర్ర కాగితం చుట్టుకుని రావాలి, ఫోన్ ఫ్లాష్ వాడకూడదు, పదేళ్లలోపు పిల్లలు పెద్దవాళ్లతోనే రావాలి.

ఇట్లు,
కార్యదర్శి, కార్యవర్గం తరఫున