వరద తగ్గిన తరువాత

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

ఆకాశం మబ్బు పట్టిన రోజున మన బడిలో కొందరు పిల్లలు సంచులు తీసి బల్లల మీద పెట్టుకుంటున్నారు. ఎవరూ చెప్పలేదు, వాళ్లంతట వాళ్లే చేస్తున్నారు. 2024 సెప్టెంబరు 1, ఆదివారం నాడు బుడమేరు వాగు నీళ్లు మన విజయవాడలోని సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట వీధుల్లోకి వచ్చినప్పుడు ఇళ్లలో ఉన్న పిల్లలే వీళ్లు. వానలు మళ్లీ వచ్చాయి కనుక, ఆ రోజుల్లో నేను నేర్చుకున్నవి మీతో పంచుకోవాలనిపించింది.

ఆ వరద ఎలా వచ్చిందో పెద్ద తరగతుల పిల్లలకు ఈ నెల మ్యాపు పెట్టి చెబుతున్నాం. వెలగలేరు ఊరి దిగువన, బుడమేరు నీటిని మళ్లించే కాలువ గట్టు మూడు చోట్ల తెగింది. ఆ కాలువ నీరు చేరవలసిన కృష్ణానది కూడా అప్పుడే పొంగి ఉంది. ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11 లక్షల క్యూసెక్కులు దాటింది. కారణం తెలిస్తే భయం పూర్తిగా పోదు కానీ, దానికి ఒక హద్దు ఏర్పడుతుంది. మా పిల్లల్లో నేను ఇది చూశాను.

మాది కింది వాటా. నీళ్లు గడప దాటగానే పై వాటా వారింట్లో తలదాచుకున్నాం. ఎన్నో ఏళ్లుగా పదిమందికీ చెప్పే స్థానంలో ఉన్నదాన్ని, పక్కవారి వంటగది గుమ్మంలో నిలబడి గ్లాసుడు పాలు అడగడానికి నోరు రాలేదు. ఆ ఇల్లాలు అది కనిపెట్టి, బియ్యం డబ్బా నా చేతిలో పెట్టి, "ఈ పూట వంట మీదే మేడమ్" అన్నారు. సాయం అందుకునేవారికి చేయడానికి ఒక పని ఇస్తే వారి మర్యాద నిలుస్తుందని నాకు అప్పుడే తెలిసింది.

పిల్లల విషయంలోనూ అంతే. మొదట పెద్దవాళ్లం గుసగుసలాడుకున్నాం. అవి విని పిల్లలు మరింత బిగుసుకుపోయారు. అప్పుడు ఆ ఇంటాయన సుద్దముక్క ఇచ్చి, నీళ్లు ఏ మెట్టు దాకా వచ్చాయో గంట గంటకూ గీత గీసి రమ్మని తన కొడుకుతో చెప్పారు. కాసేపటికి మిగతా పిల్లలూ వాడి వెనకే చేరారు. "ఆరో మెట్టు దగ్గరే ఉంది, పెరగలేదు" అని వాళ్లు అరిచి చెబుతుంటే మాకే ధైర్యం వచ్చింది. కష్టం వచ్చినప్పుడు పిల్లలకు నిజం దాచకండి. వయసుకు తగినంత చెప్పండి, చేతికి ఒక పని ఇవ్వండి.

సెప్టెంబరు 7న, వినాయక చవితి నాడు ఆ కాలువ గట్టుకు పడిన మూడో గండి పూడ్చారు. అసలు కష్టం ఆ తరువాతే మొదలైందని నా అనుభవం. ఫైరింజన్లతో బురద కడిగించుకున్నాం. తడిసిన సర్టిఫికెట్లను దండెం మీద ఆరేసుకున్నాం. చూడవచ్చినవారు "ప్రాణాలు దక్కాయి, వస్తువులదేముంది" అనేవారు. మంచి మనసుతోనే అనేవారు. కానీ బొమ్మల పుస్తకం ముద్దయిపోయిందని ఒక పాప ఏడుస్తుంటే ఆ మాట పనికిరాదు. ఆ పుస్తకంలో ఏమేమి గీసిందో అడిగి, చెప్పనివ్వాలి. మీ బిడ్డ ఉరుము వినగానే దగ్గరికి వస్తే "ఇంకా భయమేనా" అనకండి. దగ్గర కూర్చోబెట్టుకోండి. నిద్ర పట్టకపోయినా, చదువు మీద మనసు నిలవకపోయినా క్లాసు టీచరుకు చెప్పండి. మార్కుల సంగతి తరువాత చూసుకుందాం.

ఈ శనివారం సమావేశానికి వచ్చేటప్పుడు ఆధార్, జనన ధ్రువీకరణ పత్రం, రేషన్ కార్డుల నకళ్లు తీసుకురండి. ఒక్కో సెట్టు ప్లాస్టిక్ కవరులో పెట్టి మేడమీది బీరువాలో భద్రపరుస్తాం. మీ కుటుంబం తలదాచుకోగల పై అంతస్తు ఇల్లు ఎవరిదో, వారి ఫోను నంబరు ఏమిటో మీ పిల్లల చేత కంఠస్థం చేయించండి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు