అమ్మా, నేను ఊరికే చేస్తున్న పని గురించి

లైప్‌జిగ్,
2025 ఏప్రిల్ 6, శ్రీరామనవమి

అమ్మా,

పొద్దున ఫోన్‌లో నీ గొంతు సగంలోనే మారిపోయింది. వెనక అన్నయ్య ఏదో అంటున్నాడు. నువ్వు "సరేలే, మళ్లీ మాట్లాడదాం" అని పెట్టేశావు. అప్పటినుంచి నా మనసు మనసులో లేదు. ఫోన్‌లో నేను చెప్పేది ఎప్పుడూ సగమే మీకు చేరుతుంది, అందుకే కాగితం ముందేసుకుని కూర్చున్నాను. నాన్నని నిదానంగా చదవమను. అన్నయ్య ఇంట్లో ఉన్నప్పుడే చదవమను.

నేను బాగున్నాను. చలి తగ్గింది, దగ్గు పోయింది. నువ్వు పంపిన శొంఠి పొడి ఇంకా సగం డబ్బా ఉంది. ఇవాళ దాంతోనే పానకం కలిపాను. వడపప్పు కూడా నానబెట్టాను. ఆఫీసు ఎప్పటిలాగే ఉంది, రాయడానికేం లేదు.

రొయ్యల సంగతి నాకెందుకు చెప్పరు? 2వ తేదీన అమెరికా వాళ్లు మన సరుకు మీద 26 శాతం సుంకం అన్నప్పటి నుంచి నాకు అన్నయ్య గుంటలే కళ్లలో మెదులుతున్నాయి. వంద కౌంట్ (కిలోకి వంద తూగే రొయ్యలు) రేటు ఎంత పడిందని అడిగితే "నీకెందుకులే" అన్నాడు. నేనేమన్నా పరాయిదాన్నా? రేటు పడిందని గుంట నీళ్లలోకి గాలి పట్టించే ఏరియేటర్లు ఆపలేం, మేత ఆపలేం. ఆ టెన్షన్ ఎలా ఉంటుందో నాకు తెలియదా? తన కోపం నా మీద కాదని తెలుసు. అయినా "మేం ఇక్కడ ఇట్లా ఉంటే అది అక్కడ కూర్చుని ఊరికే చాకిరీ చేస్తోంది" అన్న మాట వినపడింది. గుచ్చుకుంది.

ఊరికే అన్న మాట నిజమే, జీతం లేదు. కానీ ఏం చేస్తున్నానో మీకు ఎప్పుడూ సరిగా చెప్పలేదు, ఆ తప్పు నాది.

ఉగాది నాడు మా పోర్టల్, అంటే మా పనికి పెట్టుకున్న వెబ్‌సైట్, మొదలైంది. అందరూ ఉచితంగా వాడుకునే సాఫ్ట్‌వేర్‌ని తెలుగులోకి తెచ్చేవాళ్లం, అక్షరాల్లో తప్పులు సరిచేసేవాళ్లం ముప్పై మంది దాకా ఉన్నాం. అందరం వేరే ఉద్యోగాలు చేసుకునేవాళ్లమే. ఇన్నాళ్లూ పని కొంత వాట్సాప్‌లో, కొంత మెయిళ్లలో, కొంత ఎవరి దగ్గరో ఉన్న ఎక్సెల్ షీట్లలో చెల్లాచెదురుగా ఉండేది. "నేనూ చేస్తాను" అని ఎవరైనా కొత్తగా వస్తే మొదలెక్కడో చూపించేవాళ్లు లేక నాలుగు రోజుల్లో మాయమైపోయేవాళ్లు. ఒకే మాటని ముగ్గురు మూడు రకాలుగా తెలుగు చేసేవాళ్లు. ఇప్పుడు చేయాల్సిన పనులన్నీ ఒకేచోట చీటీల్లా కనపడతాయి. చిన్నవి, మొదటిసారి వచ్చినవాళ్లు చేయగలిగేవి వేరుగా ఉంటాయి. నచ్చిన చీటీ తీసుకోవచ్చు. చేసినదాన్ని ఇంకొకరు చూసి సరే అన్నాకే అది అసలు సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్తుంది. ఎవరు చేశారో వాళ్ల పేరు అక్కడే ఉండిపోతుంది. ఇది కట్టడానికి మాకు ఎనిమిది నెలలు పట్టింది.

మొదలుపెట్టిన రోజు జరిగింది కూడా చెప్పాలి. మన టైమ్ ప్రకారం పొద్దున 10 గంటలకి అని అందరికీ చెప్పాం. అంటే ఇక్కడ తెల్లవారుజామున ఐదున్నర అని లెక్కేసి, ఆ టైమ్‌కి దానంతటదే తెరుచుకునేలా వారం ముందే పెట్టేశాను. మార్చి చివరి ఆదివారం ఇక్కడ గడియారాలు గంట ముందుకు జరుపుతారు. రెండు కాగానే మూడు అవుతుంది. నాలుగున్నర గంటల తేడా ఆ రోజునుంచి అక్టోబరు చివరిదాకా మూడున్నరే. ఈసారి ఉగాదీ అదే ఆదివారం వచ్చింది. నాకు తట్టలేదు. పోర్టల్ మనవాళ్లకి 9 గంటలకే తెరుచుకుంది. పేరు నమోదు చేసుకున్నవాళ్లకి వెళ్లాల్సిన మెయిల్ నేనింకా ఆన్ చేయలేదు. ఆ మెయిల్ రాకపోతే లోపలికి వెళ్లలేరు. కనిగిరి అబ్బాయి ఫోన్ చేసి లేపాడు. "అక్కా, పేరు రాశాను, లోపలికి పోనీయట్లా" అన్నాడు. అప్పటికే నలభై మూడు మంది బయట నిలబడి ఉన్నారు.

చేతులు వణికాయమ్మా. ఎనిమిది నెలల పనికి మొదటి గంటే అలా అయిందే అని ఏడుపొచ్చింది. తర్వాత నలభై మూడు మందికీ నేనే ఒక్కొక్కరికీ ఉత్తరం రాశాను. తప్పు నాదని చెప్పి, ఏ పని మీద ఆసక్తి అని అడిగాను. మధ్యాహ్నం దాటాక గాని ఉగాది పచ్చడి నోట్లో పెట్టలేదు. నువ్వు ఎండబెట్టి పంపిన వేపపూతే వేశాను. సాయంత్రానికి ముప్పై ఎనిమిది మంది జవాబు రాశారు. మెయిల్ దానంతటది వెళ్లి ఉంటే వాళ్లెవరో నాకు తెలిసేదే కాదు.

కనిగిరి అబ్బాయి డిప్లొమా చదువుతున్నాడు. లాప్‌టాప్ లేదు, అంతా ఫోన్‌లోనే చేస్తాడు. అద్దంకి నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు ఉన్నారు. పాత పుస్తకం పేజీని ఫొటో తీసి ఇస్తే టెసరాక్ట్ అని ఒక సాఫ్ట్‌వేర్ అక్షరాలుగా మారుస్తుంది, అది కూడా ఉచితమే. కానీ మన ఒత్తుల దగ్గర, సున్నాల దగ్గర తడబడుతుంది. ఆ తప్పుల్ని మాస్టారు కూర్చుని దిద్దుతారు. ఆయన ఓపిక చూస్తే నాకు నాన్న పేపర్లు దిద్దడం గుర్తొస్తుంది.

నాన్నకి ఒక మాట చెప్పు. పూర్తికాని రాతని దాచిపెట్టే బటన్‌కి ఏం పేరు పెట్టాలని మాలో రెండు వారాలు వాదన నడిచింది. ముసాయిదా అని ఒకరు, డ్రాఫ్ట్ అనే ఉంచుదామని ఇంకొకరు. నాకు నాన్న కొనిచ్చిన చిత్తు పుస్తకాలు గుర్తొచ్చి "చిత్తు" అన్నాను. అందరూ ఒప్పుకున్నారు. ఇప్పుడు అక్కడ అదే ఉంది.

డిసెంబరులో ఇక్కడ నాలుగింటికే చీకటి పడుతుంది. అప్పుడు మీకు చెప్పలేదు. ఆఫీసు నుంచి గదికొచ్చాక తెల్లారేదాకా ఒక్క తెలుగు మాట లేకుండా ఎన్నో రాత్రులు గడిచాయి. మీకు ఫోన్ చేద్దామంటే అక్కడ అర్ధరాత్రి. ఆ నెలంతా నన్ను నిలబెట్టింది ఈ పనేనమ్మా. నిద్ర మానుకుని చేయడం లేదు. శని, ఆదివారాల మధ్యాహ్నాలే. కళ్లు కూడా చూపించుకున్నాను, సైటు పెరగలేదు.

ఇక ఎందుకు చేస్తున్నానంటే. నాన్న పాత సినిమాలు చూసుకునే ఆ ఆరెంజ్ టోపీ బొమ్మ ఉంది చూడు, వీఎల్‌సీ. అది 1996లో పారిస్ దగ్గర ఇంజనీరింగ్ పిల్లలు మొదలుపెట్టిన పని. నీ ఫోన్ లోపల నడిచే లినక్స్‌ని 1991లో హెల్సింకిలో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి మొదలుపెట్టాడు. నువ్వు నాకు పంపే మెసేజుల్లో ఒత్తు అక్షరం కింద సరిగ్గా కూర్చునేలా చూసేది హార్ఫ్‌బజ్ అని ఇంకొకటి. ఏదానికీ మనం రూపాయి కట్టలేదు. నేను బీటెక్‌లో ఆ పాత లాప్‌టాప్ మీద నేర్చుకున్నదంతా ఇలాంటి వాటితోనే. డబ్బు కట్టి నేర్చుకోవాల్సి ఉంటే నేను ఇక్కడిదాకా వచ్చేదాన్నే కాదు.

నీకు నేను చెప్పాలా అమ్మా? నా వీసా కోసం నువ్వు కావలిలో రైలెక్కి నెల్లూరు వెళ్లి, స్వర్ణాల చెరువులో మోకాల్లోతు నీళ్లలో నిలబడి విదేశీ రొట్టె పట్టుకున్నావు. ఇచ్చినామె పేరేంటో నీకు తెలియదు. నేనిక్కడికి వచ్చేశాక, మరుసటేడు రొట్టెల పండక్కి నువ్వు రొట్టె చేసుకుని మళ్లీ వెళ్లావు. "పని అయిపోయిందిగా, ఆ జనంలోకి ఇప్పుడెందుకు" అన్నాడు నాన్న. "తీసుకున్నాక ఇవ్వకుండా ఎట్లా" అని నువ్వు వెళ్లి, కర్నూలు వైపు అమ్మాయి ఎవరికో ఇచ్చి, చెప్పులు పోగొట్టుకుని వచ్చావు. బారాషహీద్ దర్గా ముందు నువ్వు చేసిందే నేనిక్కడ చేస్తున్నాను. లినక్స్‌కి ఉన్న జీపీఎల్ లైసెన్సులో షరతు కూడా అలాంటిదే. తీసుకో, మార్చుకో, పంచు. పంచేటప్పుడు మాత్రం నీకొచ్చిన హక్కులన్నీ అవతలివాళ్లకీ ఇవ్వు. అన్నయ్యకి నువ్వే చెప్పు. నేను చెబితే వాదనలా ఉంటుంది.

మేత కొట్టు బాకీ ఎంతో చీటీ రాసి నాన్నతో ఫొటో తీయించి పంపించు. ఇక్కడ కొంత దాచాను, పంపగలను. ఇంటికి పంపే డబ్బులో పైసా తగ్గించను. పిన్ని వాళ్ల విషయంలో నువ్వు కల్పించుకోవద్దు, వాళ్లే తేల్చుకుంటారు. మామిడికాయలు దిగాక చేపల పులుసు చేసినప్పుడు వీడియో కాల్ చెయ్యి, చూస్తాను చాలు. బీపీ మాత్ర రాత్రికి మర్చిపోవద్దు.

జూలైలో పండగకి వెళ్తే నా తరఫున ఒక చదువు రొట్టె ఇచ్చి రండి. నువ్వు నీళ్లలో దిగొద్దు, మోకాలు మళ్లీ పట్టేస్తుంది. వదిన దిగుతుంది. చెప్పులు మాత్రం ఒడ్డున నువ్వే పట్టుకుని నిలబడు.

మీ
చిన్నమ్మాయి