బ్యాక్టీరియా ఊసే లేదేం?

సంపాదకుల వారికి,

మురుగునీటిని నాచే శుభ్రం చేసేస్తుందంటూ పోయిన ఆదివారం మీరు వేసిన 'మురుగును మింగే నాచు' వార్త చదివి, సవరణ వేస్తారేమోనని వారం చూశాను. వెయ్యలేదు. మురుగుశుద్ధి ప్లాంటులో గాలి ఊదే బ్లోయర్ల మోతకి సగం చెవుడు తెచ్చుకున్నవాణ్ని కనక ఇక ఊరుకోలేక రాస్తున్నాను.

మురుగులోని కుళ్లును ప్రధానంగా తినేది బ్యాక్టీరియా. అరపేజీ వార్తలో దాని పేరు ఒక్కసారైనా రాలేదు! దానికి ఆక్సిజన్ అందించడానికే మేం బ్లోయర్లు తిప్పేది. ప్లాంటు కరెంటులో దాదాపు సగం అక్కడే పోతుంది. అదే నాచు తోడుంటే, ఎండ ఉన్నంతసేపు ఆక్సిజన్ అదే ఇస్తుంది. బ్యాక్టీరియా వదిలిన కార్బన్ డయాక్సైడ్‌తో బతుకుతూ నీళ్లలోని నత్రజని, భాస్వరం కూడా లాగేస్తుంది. కాపురం ఇద్దరిదీ, పేరు ఒక్కరికా?

పైగా 'సరికొత్త ఆవిష్కరణ' అట. విలియం ఆస్వాల్డ్, హెరాల్డ్ గోటాస్ అనే ఇంజనీర్లు కాలిఫోర్నియాలో 1950ల్లోనే చెప్పిన సంగతి ఇది. ఒకప్పుడు ఇలాంటి వార్త వేసేముందు తెలిసినవాణ్ని ఓ మాట అడిగేవారు.

అసలు చిక్కులేవీ రాయలేదు. చీకటి పడితే నాచు కూడా ఆక్సిజన్ వాడుకునేదే. వెలుతురు అడుగుదాకా అందాలంటే చెరువు లోతు అడుగు, అడుగున్నర మించకూడదు, అంటే స్థలం బోలెడు కావాలి. ఇంకోటి, క్లోరెల్లా అనే ఒంటికణపు నాచు విడిగా ఉన్న నీళ్లు సీసాలో పట్టి కదపకుండా ఉంచండి, మర్నాటికీ పచ్చగానే ఉంటాయి. బ్యాక్టీరియాతో కలిసి బాగా ముద్దకట్టిన నాచైతే అరగంటలో అడుక్కి దిగి, పైన నీరు తేరుతుంది. మీ వార్త ఫొటోలో అధికారిగారు మురిసిపోతూ పైకెత్తిన గ్లాసు అంతా పచ్చగానే ఉంది. తేరని నీళ్లు చూపించి చప్పట్లు కొట్టించుకోవడం వారికే చెల్లింది.

ఆ మాటకొస్తే ఉన్న బ్లోయర్లనే సరిగ్గా తిప్పనివ్వరు. మా ప్లాంటులో రాత్రిళ్లు ఆపెయ్యమని నోటిమాటగా చెప్పేవారు. పొద్దున ట్యాంకు దగ్గరకెళ్తే నల్లటి స్లడ్జి, అంటే మురుగు బురద, కుళ్లిన గుడ్ల కంపు. రిజిస్టరులో మాత్రం 24 గంటలూ తిరిగినట్టే. తనిఖీ రోజున అన్నీ ఒకేసారి ఆన్, గేటుకి కొత్త రంగు, వచ్చినవాళ్లకి దండలు.

ఈసారి ఆ అధికారిగారు కనపడితే మీ విలేకరిని ఒక్కటి అడగమనండి. రోజూ పెరిగే ఆ పచ్చ ముద్దను ఎత్తేదెవరు, ఎత్తి పోసేదెక్కడ?

ఇట్లు,
ఒక మాజీ ప్లాంటు ఆపరేటరు