క్యాజువాల్టీ నైట్ డ్యూటీ అక్కకు నమస్కారం

విజయవాడ ప్రభుత్వాసుపత్రి క్యాజువాల్టీలో ఆ రాత్రి డ్యూటీ చేసిన స్టాఫ్ నర్స్ అక్కా, పేరడిగితే 'పేరెందుకమ్మా' అన్నారు. మా చెల్లి ఇప్పుడే కాస్త నిద్రపోయింది. నాకు మాత్రం నిద్ర రావట్లేదు, అందుకే రాస్తున్నా.

చెల్లి ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు, నేనూ నర్సునే. ట్రేలో దూది కింద పడి ఉన్న వాడిన క్యాన్యులా (సెలైన్ ఎక్కించడానికి నరంలో పెట్టే గొట్టం) సూది తన వేలికి దిగింది. లోపల బోలుగా ఉండే సూది, పైగా నరంలోంచి తీసింది. రక్తం నిలిచి ఉంటుంది కాబట్టి కుట్లు వేసే సూది కంటే అదే ఎక్కువ ప్రమాదం.

మీ దగ్గరికి వచ్చాక చెల్లి ఏడుస్తూ వేలు పిండుకుంటుంటే మీరు మణికట్టు పట్టుకుని ఆపారు. 'పిండొద్దు తల్లీ, స్పిరిట్ పోయొద్దు, నోట్లో పెట్టుకోవద్దు, పారే నీళ్లు, సబ్బు చాలు' అన్నారు. ఓపీ చీటీ కోసం నేను కౌంటర్ వైపు పరిగెత్తబోతే, 'ముందు మాత్ర, తర్వాత కాగితాలు' అని పీఈపీ (సూది గుచ్చుకున్నాక హెచ్ఐవీ సోకకుండా ఇచ్చే మందు) మొదటి మాత్ర అక్కడికక్కడే మింగించారు. టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ కలిసిన మాత్ర, రోజుకొకటి, 28 రోజులు. రెండు గంటల్లోపు మొదలెడితే మేలు, 72 గంటలు దాటాక లాభం ఉండదు. చెల్లి ఐరన్ వాడుతోందని కూడా మీరే అడిగి తెలుసుకున్నారు. ఐరన్, కాల్షియం, గ్యాస్‌కి వాడే యాంటాసిడ్ ఏదైనా ఈ మాత్ర వేసుకున్న రెండు గంటల తర్వాతేనని చీటీ మీద రాసిచ్చారు.

రోగికి హెచ్ఐవీ ఉన్నా, ఇలా గుచ్చుకున్న వెయ్యి సందర్భాల్లో అది సోకేది సుమారు 3 సార్లని మీరు నెమ్మదిగా చెప్పాకే అది ఊపిరి పీల్చుకుంది. రోగికి హెపటైటిస్ బి ఉంటే, టీకా లేనివాళ్లకు అది 100కి 30 దాకా సోకుతుంది, అసలు భయపడాల్సింది దానికే. ఆ టీకా మూడు డోసులూ వేయించుకున్నానని చెల్లి అంటే, 'టైటర్ (టీకా పనిచేసిందో లేదో చెప్పే రక్తపరీక్ష) చూశారా? 10 దాటాలి' అని మీరు అడిగారు. ఎక్కడ చూస్తారక్కా! చేరేటప్పుడు టీకా కార్డు జిరాక్స్ తీసుకుని ఫైల్లో పెడతారు, అంతే.



కానీ ఇది చెప్పకపోతే నాకు మనసు ఊరుకోదు. వాడేసిన సూదులు పారేసే తెల్ల డబ్బా మంచం పక్కన ఉండాలి. చెల్లి వార్డులో అది నర్సింగ్ స్టేషన్ దగ్గర, అదీ మూతి దాకా నిండి ఉంది. నాలుగింట మూడొంతులు నిండగానే మార్చాలి. హబ్ కట్టర్ (వాడిన సూదిని కత్తిరించే పరికరం) పాడైతే ఎవరూ పట్టించుకోరు, అప్పుడే నర్సులు వాడిన సూదికి రెండు చేతులతో క్యాప్ పెడతారు. రాత్రి వార్డంతటికీ ఒక్కరే, రోగి చెయ్యి లాగేస్తే పట్టుకునే మనిషి లేడు. ఇంత జరిగాక యాజమాన్యం అడిగిన మొదటి మాట 'నువ్వెలా పెట్టావ్ ట్రేలో?' ఇలా అడిగితే రేపు ఇంకో పిల్ల సూది గుచ్చుకున్నా చెప్పదు, ఆ రెండు గంటలూ దాటిపోతాయి. ఇన్సిడెంట్ రిపోర్టు రాయించాల్సింది గుచ్చుకున్న మనిషిని కాపాడటానికి, దోషిని వెతకడానికి కాదు.

చెల్లి ఆరు వారాలకు, మూడు నెలలకు, ఆరు నెలలకు మళ్లీ పరీక్షలకు వస్తుంది అక్కా. మీ డ్యూటీ ఉన్న రోజే వస్తుంది.

అయ్యో, రాత్రి వేళ లేచి వచ్చి రక్తం తీసిన ల్యాబ్ తమ్ముడికీ, డబ్బులు వద్దన్న ఆటో బాబాయికీ థాంక్స్. ఇంకా ఆ సూది ఎవరికి వాడారో ఆ రోగి కొడుకు. తన తండ్రి రక్తపరీక్షకు ఒప్పుకోమని అడగ్గానే ఒక్క ప్రశ్న వేయకుండా సంతకం పెట్టాడు. బాబూ, నీకు కూడా.