వార్షిక నివేదిక: ఈ ఏడాది మన రైడ్ దారులు

మన విశాఖపట్నం సైకిల్ క్లబ్ సభ్యులందరికీ నమస్కారం.

జమాఖర్చుల కాగితం విడిగా ఇచ్చాం. అందులో విశేషమేమీ లేదు, పంక్చర్ కిట్లకూ ఫస్ట్ ఎయిడ్ పెట్టెకూ పోయిన డబ్బే ఎక్కువ. ఈసారి చెప్పాల్సిందంతా దారుల గురించే.

వేసవిలో ఒక ఆదివారం, భీమిలి నుంచి తిరిగొస్తుండగా రుషికొండ దగ్గర రోడ్డు పక్కన ఆపి ఉన్న కారు డోరు ఒక్కసారిగా తెరుచుకుంది. మన సభ్యుడొకరికి కాలర్ బోన్ విరిగింది. ఆయన కోలుకుని మళ్లీ సైకిలెక్కారు. కానీ ఆ రోజు ఆస్పత్రి బయట కూర్చున్నప్పుడు అందరికీ ఒకటే ఆలోచన. బీచ్ రోడ్డు అన్నిటికంటే సేఫ్ అని కొత్తవాళ్లకు చెప్పింది మనమే. తెల్లవారుజామున అది సేఫే. ఎనిమిదిన్నరకి, జనం కార్లేసుకుని సముద్రం చూడ్డానికి వచ్చే వేళకి, అది వేరే రోడ్డు.

ఆ తర్వాత కమిటీ వాళ్లం అదే దారిని వేర్వేరు వేళల్లో, రెండు వైపులా తొక్కి చూశాం. ఆర్కే బీచ్ నుంచి భీమిలి 30 కిలోమీటర్లకు అటూ ఇటూ. వెళ్లేటప్పుడు మనకు ఎడమ పక్క కొండ, ఊళ్లు: జోడుగుళ్లపాలెం, సాగర్ నగర్, రుషికొండ, మంగమారిపేట. సందుల్లోంచి బైకులూ ఆటోలూ చూసుకోకుండా రోడ్డెక్కేది ఈ పక్కనే. వచ్చేటప్పుడు ఎడమ పక్క సముద్రం, అటు నుంచి రోడ్డు మీదికొచ్చే సందులు తక్కువ. కాబట్టి తిరుగు ప్రయాణంలో గండమల్లా ఆపిన కార్లే. వాటికి డోరు వెడల్పు ఎడం ఉంచి, ఒకరి వెనక ఒకరు వెళ్లాలి. మంగమారిపేట దగ్గర బెల్ కొట్టి వేగం తగ్గించండి. అది ఆ ఊరివాళ్ల వాకిలి, మన ట్రాక్ కాదు.

ఎండ సంగతి మాకు కాస్త ఆలస్యంగా తట్టింది. భీమిలి వైపు రోడ్డు ఈశాన్యంగా పోతుంది. జూన్‌లో సూర్యుడు దాదాపు ఆ దిక్కునే లేస్తాడు. మన కళ్లలో ఎండ పడుతోందంటే వెనక వచ్చే డ్రైవర్ కళ్లలోనూ పడుతున్నట్టే, వాడికి మనం కనబడం. అందుకే తెల్లవారాక కూడా టెయిల్ లైట్ వెలుగుతూనే ఉండాలన్న నియమం పెట్టాం. 'పగలు లైటేంటండీ' అని నవ్వినవాళ్లు ఇప్పుడు నవ్వడం లేదు.

గాలి కూడా లెక్కలోదే. ఎండాకాలం నుంచి వానాకాలం దాకా నైరుతి గాలి, అంటే వెళ్లేటప్పుడు వెనక నుంచి తోస్తుంది, వచ్చేటప్పుడు ఎదురు. ఉత్సాహంగా భీమిలి చేరి, తిరిగొచ్చేటప్పుడు కాళ్లు బరువెక్కి, తల దించుకుని తొక్కుతారు. రోడ్డు మీద చూపు తగ్గేది సరిగ్గా కార్లు పెరిగే వేళకే. ఆ నెలల్లో కొత్తవాళ్లను ఎర్రమట్టి దిబ్బల దగ్గరే వెనక్కి తిప్పుతున్నాం.

ఇక గొడవ జరిగిన విషయం. భీమిలి నుంచి తగరపువలస మీదుగా హైవే ఎక్కి, ఆనందపురం, మధురవాడ, హనుమంతవాక మీదుగా ఊళ్లోకొచ్చే లూప్‌ని గ్రూప్ రైడ్ల నుంచి తీసేశాం. వెళ్లిన దారినే రావడం కూడా ఒక రైడేనా అని కొందరు సీనియర్లు అలిగారు. వాళ్ల వాదనలో నిజం లేకపోలేదు: ఆ లూప్‌లో పెద్ద మలుపులన్నీ ఎడమకే, ట్రాఫిక్‌ని అడ్డంగా దాటే పని తక్కువ. కానీ హైవేలో ఎడమ అంచునే సర్వీస్ రోడ్డు వాహనాలు వచ్చి కలుస్తాయి, బస్సులు ఆగుతాయి, రాంగ్ రూట్‌లో ఆటోలు ఎదురొస్తాయి. ఇరవై మంది వరసగా వెళ్తుంటే బస్సు మధ్యలోకి దూరి ఆగుతుంది, వెనకున్నవాళ్లు కుడికి తప్పుకుంటే అక్కడ లారీ. ఒక్కరే వెళ్తే అది వాళ్ల ఇష్టం, క్లబ్ తరఫున మాత్రం వద్దు. వెళ్లిన దారినే రావాలంటే భీమిలిలో రోడ్డు దాటి వెనక్కి తిరగాలి. ఆ యూటర్న్ సమస్య టిఫిన్‌తోనే తీరింది: ఎలాగూ దిగుతాం కాబట్టి సైకిళ్లు నడిపించుకుంటూ రోడ్డు దాటుతున్నాం.

యారాడ ఘాట్ ఎంత బాగున్నా, అక్కడికి చేరాలంటే సింధియా వైపు ట్యాంకర్ల మధ్య వెళ్లాలి. లారీకి ఎడమ పక్కన ఉన్న సైకిల్, ఆ లారీ డ్రైవర్‌కి కనబడదు. ఈసారి నుంచి సైకిళ్లు వ్యాన్‌లో ఎక్కించి, కొండ కింద దిగి మొదలుపెడదాం.

సింహాచలం రైడ్ కొనసాగుతుంది, శనాదివారాలు తప్ప. కొండ ఎక్కడం కంటే దిగడమే ప్రమాదం. దిగేటప్పుడు ఓవర్‌టేక్ చేసినవాళ్లను మరుసటి రైడ్‌కి తీసుకెళ్లం. బీఆర్‌టీఎస్ రోడ్డులో ఖాళీగా ఉంది కదా అని మధ్య బస్సు లేన్‌లోకి వెళ్లొద్దు. ఆషాఢ పౌర్ణమి గిరి ప్రదక్షిణకి లక్షల మంది 32 కిలోమీటర్లు కాలినడకన తిరుగుతారు. ఆ రోజూ ముందు రోజూ కొండ చుట్టుపక్కలకే వెళ్లం. నడవాలనుకున్నవాళ్లు నడవండి, మేమూ వస్తాం.

బయల్దేరే టైమ్ ఇక ఏడాదంతా ఒకటే కాదు. జూన్‌లో 5:20 ప్రాంతంలో సూర్యుడు లేస్తే, జనవరిలో 6:30 అవుతుంది. చలికాలంలో ఐదింటికే బయల్దేరడం అంటే గంటసేపు చీకట్లో గోతులు వెతుక్కోవడమే. తుపాను హెచ్చరిక ఉంటే రైడ్ లేదు. తుపాను పోయిన వారం కూడా ముందు ఒకరిద్దరు వెళ్లి మలుపుల్లో ఇసుక, పడిన కొమ్మలు చూసొచ్చాకే.

ఎవరైనా పడితే ముందు 108, హైవే మీదైతే 1033 కూడా. సాయం చేస్తే పోలీసు కేసుల్లో ఇరుక్కుంటామన్న భయం వద్దు. 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన 134ఎ సెక్షన్ అలాంటివాళ్లకు రక్షణ ఇస్తుంది.

చివరగా, స్వీపర్ల కొరత. అందరికంటే వెనక, నెమ్మదిగా వచ్చేవాళ్లతో కలిసి తొక్కడం ఎవరికీ సరదా కాదని మాకూ తెలుసు. ఈ ఏడాది ఆ పని ముగ్గురే మోశారు, వాళ్లకి మోకాళ్లు కాదు, ఓపిక అరిగిపోయింది. నెలకొక ఆదివారం చొప్పున పేర్లు ఇవ్వండి. ఇవ్వనివాళ్ల పేర్లు మేమే రాసేసుకుంటాం.

ఇట్లు,
కార్యదర్శి