ఆ కొంగలు సైబీరియావి కావు

సంపాదకులకు నమస్కారం.

చలి మొదలవగానే పత్రికల్లో మన శ్రీకాకుళం జిల్లా టెక్కలి దగ్గరి తేలినీలాపురం ఊరి పక్షుల ఫొటో వస్తుంది. టెక్కలి రూట్లో ఏళ్ల తరబడి ఆర్టీసీ కండక్టరుగా తిరిగినవాణ్ణి, ఆ ఫొటో చూస్తే నాకు ప్రాణం లేచొస్తుంది. కానీ దాని కింద సైబీరియా నుంచి వచ్చిన విదేశీ అతిథులని రాస్తుంటే బాధగా ఉంటుంది.

అక్కడి చింతచెట్ల మీద గూళ్లు కట్టేవి గూడబాతులు (మనం పెలికాన్లు అంటున్నవి), ఎర్రకాళ్ల కొంగలు. రెండూ మన దేశపు పక్షులే, సైబీరియా ముఖం చూసినవి కావు. చలికాలానికి ఉత్తరాన్నుంచి వచ్చే పక్షి ఇక్కడ తిండి తిని, బలం పుంజుకుని, ఎండలు ముదిరేలోపు వెళ్లిపోతుంది. గుడ్లు పెట్టేది తన పుట్టినచోటికి వెళ్లాకే. ఇక్కడే గూడు కట్టి, నౌపడ చిత్తడి నుంచి చేపలు తెచ్చి పిల్లల్ని సాకే పక్షి మనది కాకుండా ఎలా పోతుంది? ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచిలో వాలే నత్తగుల్ల కొంగల్నీ సైబీరియావే అంటారు. అవి వచ్చేది తొలకరి వానలతో, జూన్, జూలైల్లో. అప్పుడు సైబీరియాలో ఎండాకాలం. ఏ చలికి తట్టుకోలేక వచ్చినట్టు?

చలికాలపు అసలు చుట్టాలు మన ఇళ్ల దగ్గరే తిరుగుతుంటాయి, వాటి ఫొటో ఎవరూ తీయరు. శ్రీకాకుళంలో మా డాబా మీదకి కార్తీకంలో కాటుకపిట్ట వస్తుంది. తోక ఆగకుండా ఆడిస్తూ, వాటర్ ట్యాంకు చుట్టూ గబగబా నడుస్తూ పురుగుల్ని ఏరుకు తింటుంది. హిమాలయాలు, వాటికి అవతల ఉత్తర ఆసియా దాని పుట్టిల్లు. నాగావళి ఒడ్డున రాళ్ల మీద వెనకభాగం ఎగరేస్తూ తిరిగే ఉల్లంకి పిట్ట, కరెంటు తీగల మీద వరసగా కూర్చునే వానకోయిల కూడా అలా వచ్చేవే. గోదావరి ఇసుకతిన్నెల మీద దిగే జక్కవలైతే లడఖ్, టిబెట్ సరస్సుల నుంచి వస్తాయి. బళ్లో పద్యాల్లో చదువుకున్న జక్కవలే అవి!

ఇదంతా ఎందుకు పట్టించుకోవాలంటే, అతిథి అనుకున్నదాన్ని నాలుగు నెలలు చూసి మరిచిపోతాం. ఇక్కడ పుట్టే పిల్లకి పెద్దచెట్టు కావాలి, చేపలుండే చెరువు కావాలి. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపానుకి మన జిల్లాలో ఎన్ని చెట్లు కూలాయో చూశాం. చింతమొక్క కొంగ గూడు మోసేంత మాను కావాలంటే ఒక తరం పడుతుంది. రెట్టల కంపు భరించి, ఎవరినీ రాయి వేయనివ్వకుండా ఆ పక్షుల్ని కాచుకుంటున్న ఊరివాళ్ల గురించి రెండు ముక్కలు ఎక్కువ రాసినా తక్కువే.

ఈసారి ఫొటో కింద పక్షి పేరు వేయండి, అది మన గడ్డ మీదే పుట్టిందని రాయండి. ఆ ఊళ్లో ఈ ఏడు ఎన్ని చింతమొక్కలు నాటారో అధికారుల్ని అడిగి అదీ అచ్చు వేయండి.

— ఆర్టీసీ విశ్రాంత కండక్టరు, శ్రీకాకుళం