బుడమేరు వరదలో మా చదువు ఆగకుండా చూసినవారికి కృతజ్ఞతలు

మూడో సెమిస్టర్ పరీక్షలు నిన్నటితో పూర్తయ్యాయి. హాల్ టికెట్ చేతికి వచ్చిన రోజే ఇది రాయాలనిపించింది. అయితే పరీక్షలన్నీ రాశాకే చెప్పాలని ఆగాను. మా కోసం అంత శ్రమపడినవారికి ముందుగా అందవలసిన కబురు అదే.

2024 ఆగస్టు 31న విజయవాడలో కురిసిన వాన ఇక్కడివారెవరూ మరచిపోలేరు. మరుసటి రోజు ఆదివారం. బుడమేరు వాగుపై వెలగలేరు దగ్గర ఉన్న రెగ్యులేటర్ గేట్లు ఎత్తారనీ, ఆ వాగు మళ్లింపు కాలువకు గండ్లు పడ్డాయనీ మేము తరువాత పత్రికల్లో చదివి తెలుసుకున్నాం. సింగ్ నగర్ పైపుల రోడ్డు పక్కన మా సందులో ఆ రోజు అదంతా ఆలోచించే వ్యవధి లేదు. గడప దాటిన నీరు చూస్తుండగానే మంచాలను ముంచింది. అమ్మ, తమ్ముడు, నేను ఎదురింటి మేడ మీదికి చేరాం. నాన్న ఆటో, అమ్మ కుట్టుమిషను, మా ఇద్దరి పుస్తకాలు అన్నీ కిందే ఉండిపోయాయి. చివరికి పడవలో వంతెన దాకా వచ్చాం. అక్కడ ఫోనుకు కాస్త ఛార్జింగ్ దొరికింది. తెరవగానే మా తరగతి ప్రతినిధి సందేశం కనిపించింది: "ఎక్కడున్నారో చెప్పండి చాలు, మిగతాది మేము చూసుకుంటాం."

అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. మా కళాశాలవారు మమ్మల్ని అడగనివ్వలేదు. నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఇదే. దరఖాస్తు పట్టుకుని ఏ గది ముందూ మేము నిలబడలేదు. దుప్పట్లు అందుకుంటుంటే ఎవరూ ఫొటో తీయలేదు. ముంపు ప్రాంతాల నుంచి వచ్చే విద్యార్థుల జాబితాను కార్యాలయంవారే చిరునామాలు చూసి తయారుచేసుకున్నారు. ఒక్కొక్కరికీ వారే ఫోను చేశారు.

ఉయ్యూరు, నూజివీడు వైపు నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న అమ్మాయిలు ఇరుకుగా సర్దుకుని మాకు గదులు ఖాళీ చేసిచ్చారు. నిబంధన ప్రకారం విద్యార్థినులకు తప్ప ఇతరులకు చోటు లేదు. అయినా వార్డెన్ మేడమ్ ప్రిన్సిపాల్ గారితో మాట్లాడి, అమ్మను అతిథి గదిలో ఉండనిచ్చారు. తమ్ముడు ఇంకో కళాశాలలో ఇంటర్ చదువుతున్నా వాడికి అబ్బాయిల హాస్టల్లో మంచం ఇచ్చారు. వినాయక చవితి ఆ వారంలోనే వచ్చింది. వంటగదిలోని అక్కలు ఉండ్రాళ్లు చేస్తూ అమ్మను కూడా పిలిచి పిండి కలపమన్నారు. ఇల్లు విడిచాక అమ్మ నలుగురితో కూర్చుని మాట్లాడటం అదే మొదలు. కాలువకు పడిన మూడో గండి కూడా పూడ్చారన్న కబురు ఆ రోజే తెలిసింది.

వృక్షశాస్త్ర విభాగం గురించి వివరంగా రాయకుండా ఉండలేను. నీరు తీశాక నాన్న బీరువా అడుగు అర నుంచి సర్టిఫికెట్ల సంచి తెచ్చారు. తమ్ముడి పదో తరగతి మెమో, మా కుల ధ్రువీకరణ పత్రాలు, నా ఇంటర్ మెమో బురదతో ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి. వేళ్లతో విడదీయబోతుంటే ఆ విభాగం సార్ చూసి, వద్దని ఆపారు. వెడల్పాటి పళ్లెంలో మంచినీళ్లు పోసి, ఆ కట్టను అందులో ఉంచి, బురద దానంతట అది వదిలేదాకా ఓపిక పట్టారు. తరువాత ఒక్కో కాగితాన్నీ సన్నటి బ్రష్షుతో పైకి తీశారు. మొక్కల నమూనాలను ఆరబెట్టడానికి వాడే చెక్క ప్రెస్సులున్నాయి కదా, వాటిలో అద్దుడు కాగితాల మధ్య పరిచి బిగించారు. ఎండలో పెడితే ముడతలు పడి పెళుసెక్కుతాయట. పొద్దునా సాయంత్రమూ తడిసిన అద్దుడు కాగితాలు తీసి పొడివి మార్చడం ఆయనా, ప్రయోగశాల సహాయకుడూ పంచుకున్నారు. లామినేషన్ చేసినవాటిలోకి అంచుల నుంచి నీరు దిగింది. వాటిని కత్తిరించి తెరవవలసి వచ్చింది. సిరా సంతకాలు కొన్ని చెదిరాయి, అచ్చు అక్షరాలు మాత్రం నిలిచాయి. మా ఒక్కరివే కాదు, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం నుంచి వచ్చిన పిల్లల పత్రాలూ ఆ ప్రెస్సుల్లోనే ఆరాయి. సార్, మీరు ఆ పని చేస్తూ ఒక్కసారి కూడా విసుక్కోలేదు. మా అమ్మ ఇప్పటికీ మీ పేరు చెప్పుకుంటుంది.

పూర్తిగా పాడైనవాటికి నకళ్లు తెప్పించే పని సూపరింటెండెంట్ గారు నెత్తిన వేసుకున్నారు. దరఖాస్తులు నింపడం దగ్గర నుంచి, పోలీస్ స్టేషనుకూ వార్డు సచివాలయానికీ మనిషిని తోడిచ్చి పంపడం దాకా ఆయనే చూశారు.

రసాయనశాస్త్రం ప్రాక్టికల్ రికార్డు పోయిందని నేను ఏడుస్తుంటే మేడమ్ తన రిజిస్టరు తెరిచి చూపించారు. చేసిన ప్రతి ప్రయోగానికీ తేదీ, మార్కులు అందులో ఉన్నాయి. "నువ్వు చేసిన పని వరదకు పోలేదమ్మా, మిగిలినవి చేసి రాయి చాలు" అన్నారు. హాజరు తగ్గుతుందన్న బెంగ కూడా తీర్చారు. నోట్సుల సంగతి మా తరగతివాళ్లు చూసుకున్నారు. తలా ఒక యూనిట్ పంచుకుని, జిరాక్సుతో సరిపెట్టకుండా, లెక్కలు అర్థమయ్యేలా పక్కన వివరాలు కూడా రాసి ఇచ్చారు. పరీక్ష ఫీజు రసీదు ఒకరోజు కవరులో పెట్టి ఇచ్చారు. ఎవరు కట్టారో ఎంత అడిగినా చెప్పలేదు. ఈ మాటలు చదువుతున్నట్లయితే వారికి నమస్కారం.

అగ్నిమాపక యంత్రాలు వచ్చి వీధులూ ఇళ్లూ కడిగాయి. మూలల్లో మిగిలిన బురదను మా ఎన్‌ఎస్‌ఎస్ బృందం పారలతో ఎత్తిపోసింది. బ్లీచింగ్ పొడి చల్లి, తలుపులు తోమి, మధ్యాహ్నం భోజనం కూడా తమ డబ్బాల్లోదే తిన్నారు. ప్రభుత్వ సాయం అందాక నాన్న ఆటో బాగుచేయించుకున్నారు.

పేర్లు రాయవద్దని దాదాపు అందరూ కోరారు కాబట్టి రాయడం లేదు. మీరెవరో మీకు తెలుసు, మాకూ తెలుసు.

చివరగా జూనియర్లకు ఒక మాట. మా కోసం రాసిన నోట్సుల ప్రతులు గ్రంథాలయంలో రిఫరెన్సు బల్ల దగ్గర ఉంచాం. మీ పుస్తకాలు వరదలో పోయి ఉంటే తీసుకోండి, కారణం చెప్పనవసరం లేదు. నకళ్ల దరఖాస్తు ఇంకా పెట్టనివారు నన్ను గానీ కార్యాలయంలో గానీ కలవండి, తోడు వస్తాను.